వట్టి చేతుల పిలుపు

పదిహేనేళ్ళ తర్వాత, జమ్ము నీళ్ళ మధ్య ఉన్న పుట్టింటి దిబ్బ మీద కాలు పెట్టగానే మా తమ్ముడి భార్య మద్లూలా నాతో అన్న మొదటి మాట ఇది: "చెప్పులు విడిచి రా వదినా. ఇక్కడంతా పేడ. బస్రా చెప్పులు దీనికి తట్టుకోవు."

పేడ ఉంటుందని నాకు తెలియనట్టు మాట్లాడింది. ఆ పేడలో పుట్టాను, ఆ పేడతోనే పిడకలు చేశాను. ఒంటికి పట్టిన ఆ వాసన ఎంత తోమినా పోవడం లేదని ఏడ్చి, బస్రా పట్నం నుంచి వచ్చిన మొదటి సంబంధానికే తలూపి వెళ్ళిపోయాను. పెళ్ళికొడుకు ఎలా ఉంటాడని కూడా అడగలేదు. వాళ్ళ ఇంట్లో కుళాయి ఉందా అని అడిగాను. ఉందన్నారు. చాలన్నాను.

ఆ కుళాయి దగ్గర ఎంత రుద్దుకున్నా మా అత్తగారికి నేను చివరిదాకా 'గేదెలోళ్ళ పిల్ల'నే. ఇంట్లో ఎక్కడ ఏ కంపు వచ్చినా ముందు నా వైపు చూసేది. పిల్లలు పుట్టలేదని మా ఆయన ఇంకో అమ్మాయిని తెచ్చుకున్నాక నాకు మెట్ల కింద గది మిగిలింది. చివరి ఏడాది ఆ కుళాయిలో కూడా ఉప్పునీళ్ళే వచ్చాయి. అప్పుడు మూట కట్టుకున్నాను.

రోడ్డు దిగిన చోటికి తమ్ముడు పడవ తెచ్చాడు. వాడి పేరు సాచిత్. మా భాషలో 'మాట్లాడనివాడు' అని అర్థం. పేరు పెట్టినవాళ్ళు ముందే చూసి పెట్టారేమో అనిపిస్తుంది. మూట అందుకుని పడవలో పెట్టాడు, గడ వేసి తోశాడు. జమ్ము మధ్య కాలువ సన్నగా ఉంది, గడ ప్రతిసారీ బురదకి తగిలి చప్పుడవుతోంది. దారంతా అడిగింది ఒక్కటే.

"ఉంటావా?"

"ఉంటాను," అన్నాను.

వాడు తలూపి తోస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం గేదెలు ఇంటికి రాలేదు. మామూలుగా అవి పొద్దున్నే వాటంతట అవే ఈదుకుంటూ జమ్ములోకి పోయి, పొద్దు వాలే వేళకు వాటంతట అవే దిబ్బకు వస్తాయి. మద్లూలా ఒడ్డున నిలబడి గొంతు పోయేలా పిలుస్తోంది. ఒక్క తల కూడా కనపడలేదు.

"మీ అమ్మ పోయిన దగ్గర్నుంచీ వీటికి కొమ్ములొచ్చాయి. బుద్ధి పుడితే వస్తాయి, లేకపోతే లేదు. అన్నీ దాని వెనకే. ఆ నిజ్మా ఎటు పోతే అటు."

"నిజ్మా ఇంకా ఉందా?" అన్నాను.

నిజ్మా అంటే నక్షత్రం. నుదుటి మీద తెల్లమచ్చతో పుట్టింది. దాని తల్లి ఈనుతూనే చచ్చిపోతే, గుడ్డపీలిక పాలలో ముంచి నోట్లో పెట్టి పెంచాను. బస్రాకు పోయే నాటికి అది నా భుజం దాకా వచ్చిన పడ్డ. ఆ రోజు పడవ వెనకాల కాలువ మలుపు దాకా ఈదింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు, కొత్త బట్టల మీద నీళ్ళు పడతాయని జరిగి కూర్చున్నాను.

మా దగ్గర ఒక్కో ఇంటికి ఒక్కో పిలుపు. తల్లి దగ్గర్నుంచి కూతురికి వస్తుంది. ఒక ఇంటి గేదెలు ఇంకో ఇంటి పిలుపుకు చెవి కూడా కదపవు. మా పిలుపు లోగొంతులో మొదలై, పైకి లేచి, అక్కడ విరిగి, చివర 'మాయ్' అని సాగుతుంది. మాయ్ అంటే నీళ్ళు. అమ్మ నాకు పిలుపు నేర్పిన రోజు దానికంటే ముందు ఇంకో సంగతి నేర్పింది. చేతిలో ఏదీ లేకుండా పిలవకూడదు. గుప్పెడు తవుడో, నాలుగు లేత జమ్ము మొలకలో, ఏదో ఒకటి ఉండాలి. నోరులేని జీవిని వట్టి చేతుల్తో పిలిచినవాళ్ళని అమ్మ మనుషుల కింద జమకట్టేది కాదు.

తొట్లోంచి గుప్పెడు తడి తవుడు తీసుకుని ఒడ్డుకు పోయాను. పదిహేనేళ్ళు గొంతెత్తలేదు. బస్రాలో ఇల్లాళ్ళు ఇంట్లోంచి కేకెయ్యరు. మొదటిసారి బొంగురుగా వచ్చింది, మద్లూలా వెనకాల నవ్వు ఆపుకోవడం తెలిసింది. రెండోసారి పిలిచాను. గొంతు విరగాల్సిన చోట విరిగింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత దూరంగా జమ్ము ఊగింది. నల్లటి తల, దాని మీద తెల్లమచ్చ. వెనకాల మిగతా తలలు ఒక్కొక్కటే. నిజ్మా తిన్నగా నా దగ్గరికి ఈదుకొచ్చి, దిబ్బ ఎక్కి, నా చేతిలో మూతి పెట్టింది. తవుడు అయిపోయాక కూడా అరచేయి నాకుతూనే ఉంది. నేను అక్కడే పేడలో కూలబడి ఏడ్చాను. పదిహేనేళ్ళలో నన్ను చూసి సంతోషపడిన జీవి అదొక్కటే, ఎందుకు దాచాలి.

మద్లూలా నవ్వలేదు.

"దాని పొదుగు కింద నేను ఎనిమిదేళ్ళు కూర్చున్నాను," అంది. "నాకు ఒక్కరోజు ఇలా రాలేదు."

కాసేపటికి తనే చెంబు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "సరే. రేపట్నుంచి నువ్వే పితుకు. నా నడుమన్నా బాగుపడుతుంది."

జూన్ నెలంతా అలా గడిచింది. తెల్లారకముందే లేచి పితికేదాన్ని. మద్లూలా పిడకల మంట మీద పాలు నెమ్మదిగా కాచి, చల్లార్చి, పైన కట్టిన మందపాటి మీగడని మడతలుగా తీసి పళ్ళెంలో పరిచేది. దాన్ని మేము గేమర్ అంటాం. దగ్గరి ఊరు చిబాయిష్ బజారులో మద్లూలా గేమర్ కోసం జనం ఎదురుచూసేవాళ్ళు. తనే పోయి అమ్ముకొచ్చేది, వచ్చి బజారు కబుర్లు చెప్పేది, చెబుతూ నా మీద ఏదో ఒక సూది గుచ్చేది. బస్రా వాళ్ళు గేమర్ చెంచాతో తింటారటగా వదినా, వేళ్ళు మాసిపోతాయనా అనేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. నీ వేళ్ళు చూస్తే చెంచా ఎందుకు కనిపెట్టారో తెలుస్తుంది అన్నాను ఒకరోజు. ఆ రోజు మేమిద్దరం నవ్విన నవ్వుకు సాచిత్ పడవ బాగుచేసుకుంటున్నవాడల్లా తలెత్తి చూశాడు. రాత్రి పడుకుంటే ఒళ్ళు తెలియకుండా నిద్రపట్టేది. ఏ ఊరు వదిలిపోవాలని దోమతెరలో కూర్చుని దేవుడికి మొక్కుకున్నానో, ఆ ఊళ్ళోనే నాకు మొట్టమొదటిసారి కడుపునిండా నిద్ర వచ్చింది.

నీళ్ళు మాత్రం దిగిపోతూనే ఉన్నాయి. సాచిత్ ఒడ్డున ఒక జమ్ము కర్ర పాతాడు. రోజూ పొద్దున్నే దాని దగ్గరికి పోయి చూసి, ఏమీ అనకుండా తిరిగొచ్చేవాడు. కొన్నాళ్ళకు కర్ర పొడిమట్టిలో నిలబడింది, అప్పటి నుంచి అటు పోవడం మానేశాడు. టీలో ఉప్పు తెలిసేది. మద్లూలా ఇంకో చెంచా పంచదార వేసేది, వాళ్ళ పిల్లలిద్దరూ సంబరపడేవాళ్ళు. పక్కదిబ్బ చాసిబ్ వాళ్ళు ఇల్లు విప్పేశారు. మా ఇళ్ళు జమ్ముతో కట్టినవి కదా, కట్టడానికి పట్టినంతసేపు కూడా విప్పడానికి పట్టదు. చాసిబ్ భార్య వెళ్ళేముందు వచ్చి నన్ను కావలించుకుని, నువ్వు రావడానికి మంచి ఏడు చూసుకున్నావే అంది. వెక్కిరించిందో జాలిపడిందో ఇప్పటికీ తెలియదు.

అందరిదీ ఒకటే ఆలోచన. నదిలో పై నుంచి శరత్కాలం నీళ్ళు వచ్చేదాకా గేదెలు బతికితే మేమూ ఇక్కడ ఉంటాం. అవి లేకపోతే మేమూ లేము. గేదెలు లేకుండా జమ్ములో బతికిన మనిషి గురించి నేను వినలేదు.

జూలైలో ఒక మధ్యాహ్నం, ఎండకు బయట కాలు పెట్టలేక ముగ్గురం ఇంట్లో కూర్చున్నప్పుడు మద్లూలా ఆ మాట ఎత్తింది. ముందే అనుకుని కూర్చున్నట్టుంది, ఆగకుండా చెప్పేసింది. చిబాయిష్ రోడ్డు పక్కకు పోదాం. ట్యాంకరు నీళ్ళు కొందాం. ఒంట్లో కండ ఉన్నప్పుడే సగం గేదెల్ని అమ్మేసి, మిగతా సగాన్ని కాపాడుకుందాం. నేను పట్నం పోవాలని ఏనాడూ అనుకోలేదు, ఇప్పుడు అంటున్నానంటే ఆలోచించుకోండి అంది.

సాచిత్ చాలాసేపు నేల చూశాడు.

"నడిమికి పోదాం," అన్నాడు.

నడుమ అంటే జమ్ము దాటాక వచ్చే పెద్ద మడుగు. ఎంత ఎండ కాసినా అది ఎండదు. కరువు వచ్చినప్పుడల్లా మా నాన్న గేదెల్ని అక్కడికే తోలాడు, తాతా అక్కడికే తోలాడు. అంచు ఎండితే లోతుకు పోవాలి. ఈ జమ్ములో పుట్టినవాళ్ళకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు, ఊపిరి పీల్చడం లాగే వచ్చేస్తుంది.

మద్లూలా ఒంటికాలి మీద లేచింది. "మామయ్య కాలంలో ఆ మడుగులోకి నది నీళ్ళొచ్చేవి. ఇప్పుడేం వస్తోంది? పైన పొలాల్లో మురుగు వస్తోంది. అది కూడా ఎండకి మరిగి మరిగి అడుగున ఉప్పే మిగులుతుంది. నీళ్ళు కనపడితే చాలా, ఎలాంటి నీళ్ళో చూడక్కర్లేదా?" అంది. అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు వదినా. మా ఇద్దరికీ తెలీదు, పట్నం చూసినదానివి నువ్వే. అక్కడ బతకలేమా మనం?"

నాకు మెట్ల కింద గది కనిపించింది. మద్లూలా మార్కెట్లో నిలబడి ఉంటే, ఎవరో ముక్కు మూసుకుని పక్కకి జరగడం కనిపించింది. పిల్లల్ని బళ్ళో ఏమని పిలుస్తారో ముందే వినిపించింది. దానికన్నా ఉప్పునీళ్ళే నయమనిపించింది. అందులో నా స్వార్థం కూడా ఉంది. ఆ సాయంత్రపు పిలుపు తర్వాత నాకు మళ్ళీ ఎక్కడికీ పోవాలని లేదు.

"నడిమికే పోదాం," అన్నాను. "నిజ్మా నా వెనకే వస్తుంది."

మద్లూలా లేచి, రొట్టెల పిండి కలపడానికి పోయింది.

మర్నాడు పొద్దున బయల్దేరాం. సాచిత్ గడ వేస్తున్నాడు, నేను పడవ ముందు కూర్చుని పిలుస్తున్నాను. ఒళ్ళో లేత జమ్ము మొలకల కట్ట. పిలిచినప్పుడల్లా ఒక మొలక నిజ్మా నోటికి అందించాను. నిజ్మా వెనక మంద మొత్తం, తల్లుల వీపుల మీద గడ్డాలు ఆనించి దూడలు, అన్నిటికంటే వెనక రెండో పడవలో సామాన్లతో, పిల్లలతో మద్లూలా. ఎండెక్కేలోపు జమ్ము దాటి మడుగులోకి వచ్చేశాం. కళ్ళు పట్టనంత నీళ్ళు, నీలంగా ఉన్నాయి. గేదెలు ఒక్కసారిగా మునిగి, ముక్కులు మాత్రం పైకి పెట్టి బుస్సుమన్నాయి. సాచిత్ నవ్వాడు. నా జీవితంలో అంతకంటే మంచి రోజు లేదు, పెళ్ళిరోజుతో సహా.

సాచిత్ వంగి దోసెడు నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. కాసేపు మింగలేదు. నేనూ ముంచి నాలుకకు తగిలించుకున్నాను. కూరలో రెండుసార్లు ఉప్పు వేసినట్టుంది.

"పైపైన అలా ఉంటుంది," అన్నాడు వాడు. "అడుగున బాగుంటుంది."

గేదెలు తాగుతున్నాయి. అవి తాగుతున్నాయి కదా, వాటికి తెలియదా అనుకున్నాను.

పాత దిబ్బ ఒకటి మడుగు మధ్య ఉంది, దాని మీద జమ్ము పరిచి గుడిసె వేసుకున్నాం. మాకు తాగడానికి సాచిత్ పడవ మీద డ్రమ్ముల్లో మంచినీళ్ళు తెచ్చేవాడు. మనుషులకే చాలీచాలని నీళ్ళు, గేదెలకు ఎక్కడ పోస్తాం. ముందు పాలు తగ్గాయి. తర్వాత పాలు తీసినా మీగడ కట్టడం మానేసింది. మద్లూలా గిన్నె మీద వంగి పల్చటి పొర చూసి, దాన్ని వేలితో తీసి పిల్లల నాలుక మీద రాసి, బజారుకు పోవడం ఆపేసింది. గేదెల చర్మం పగిలి పుళ్ళు పడ్డాయి. ఆగస్టులో దూడలు పారుకోవడం మొదలైంది. సాచిత్ చచ్చిన దూడల్ని పడవలో వేసుకుని దూరంగా తీసుకుపోయేవాడు. తల్లులు పడవ వెనకాల కొంతదూరం ఈదేవి. నేను చూడకుండా ఏదో ఒక పని కల్పించుకునేదాన్ని.

'నేను చెప్పలేదా' అని మద్లూలా ఒక్కసారి అనలేదు. అన్నా బాగుండేది. ఒకరోజు నేనే ఉండబట్టలేక, నన్ను తిట్టవే అన్నాను.

"తిడితే నీళ్ళు తియ్యగా అవుతాయా?" అంది. "ఆ తవుడు తడుపు ముందు."

తర్వాత జబ్బు కళ్ళకి పాకింది. మొదట ఎర్రబడి నీరు కారేవి, ఈగలు ముసిరేవి. తర్వాత పొర కమ్మేది. ఒక సాయంత్రం నిజ్మాని పిలిస్తే తిన్నగా వచ్చి పడవ అంచుకు గుద్దుకుంది. వెనక్కి తగ్గి, మళ్ళీ వచ్చి, మళ్ళీ గుద్దుకుంది. దాని తల రెండు చేతులతో పట్టుకుని చూశాను. నుదుటి మీద ఒకటే ఉండాల్సిన తెల్లమచ్చ, కళ్ళతో కలిపి మూడయింది. మద్లూలా నా వెనకాల వచ్చి నిలబడింది. నిజ్మా మాత్రం నా చేతిలో తవుడు తిని తృప్తిగా తోక ఆడించింది.

సాచిత్ చిబాయిష్ పోయి పశువుల డాక్టర్ని బతిమాలి తీసుకొచ్చాడు. మంచివాడే, చిన్నవాడు. అన్నిటినీ చూశాడు, చుక్కల మందు ఇచ్చాడు. మందుతో లాభం లేదు, తియ్యటి నీళ్ళకు తోలుకుపోండి అన్నాడు. ఎక్కడున్నాయవి అని మద్లూలా అడిగింది. వేళాకోళంగా కాదు, నిజంగానే అడిగింది. అతను పై వైపు, నది వచ్చే వైపు చూసి, బ్యాగు సర్దుకున్నాడు.

సెప్టెంబరులో మిగిలినవాటిని రోడ్డు ఒడ్డుకు తోలుకొచ్చాం. మందలో సగం కూడా లేవు. చూపున్నవి రెండో మూడో. మిగతావి నిజ్మా చప్పుడు విని నడిచాయి, నిజ్మా నా గొంతు విని నడిచింది. దారి పొడుగునా పిలవడానికి జమ్ము మొలకలు దొరకలేదు, ఎండు ఆకులు నోటికి అందించాను. మద్లూలా జూలైలో చెప్పిన చోటికే వచ్చాం చివరికి. ట్యాంకరు నీళ్ళు పోస్తే పాపం ఎగబడి తాగాయి. కానీ అప్పటికి మళ్ళీ కోలుకునే ఓపిక వాటికి లేదు, వాటిని మేపే దారి మాకు లేదు.

అబూ సజ్జాద్ నజాఫ్ నుంచి వచ్చాడు. మాంసానికి కొనే వ్యాపారి. అతను చెడ్డవాడని చెప్పలేను. పక్కటెముకలు నొక్కి చూశాడు, కళ్ళు చూశాడు, సాచిత్ భుజం మీద చేయి వేసి పక్కకు తీసుకుపోయి మాట్లాడాడు. వచ్చేటప్పుడు సాచిత్ తల దించుకుని ఉన్నాడు. పాలకు ఎవరూ కొనరు, గుడ్డివాటిని ఎవరు కొంటారు చెల్లెమ్మా అని అబూ సజ్జాద్ నాతో అన్నాడు, నేను అడక్కపోయినా. ఒక పశువు మీద ఒక పశువు పడి రోడ్డు పక్క చచ్చేకన్నా ఇది నయం కదా అన్నాడు. మా పెళ్ళిళ్ళకి మీ వైపు గేమరే తెప్పించేవాళ్ళం అని కూడా అన్నాడు.

లారీ వెనక చెక్కబల్ల వాలుగా పెట్టారు. గేదెలు ఎక్కలేదు. పుట్టిన దగ్గర్నుంచీ నీళ్ళూ బురదా జమ్మూ తప్ప ఏమీ తొక్కని జీవాలు, డెక్క కింద చెక్క చప్పుడైతే బెదిరిపోయాయి. లారీ మనుషులు తాళ్ళు వేసి లాగారు. తర్వాత కర్రలు తీశారు. చూపు లేనివి, దెబ్బ ఎటు నుంచి వస్తోందో తెలియక గుండ్రంగా తిరిగాయి. ఒకటి బల్ల మీద నుంచి పక్కకు పడి కొమ్ము విరగ్గొట్టుకుంది. నిజ్మా మాత్రం బల్ల ముందు నాలుగు కాళ్ళూ పాతుకుని నిలబడిపోయింది. కొడుతుంటే కదల్లేదు, అరవలేదు, తల అటూ ఇటూ తిప్పి వింటోంది.

ఎవరి కోసం వింటోందో అక్కడున్న మా ముగ్గురికీ తెలుసు.

సాచిత్ దాని తాడు పట్టుకుని, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. తర్వాత తిరక్కుండానే, "అక్కా," అన్నాడు.

ఆ వేసవి మొత్తంలో నా తమ్ముడు నన్ను ఆ మాటతో పిలిచింది అప్పుడే.

"ఆమెని అడక్కు," అంది మద్లూలా. "కొట్టనీ. కొడితే అవే ఎక్కుతాయి. ఆమెతో చేయించకు ఈ పని."

ఎనిమిదేళ్ళు పితికినా తనని లెక్కచేయని గేదె ముందు నిలబడి నా కోసం ఆ మాట అంది. ఆ రోజు నేను ఏ మాటకైనా ఏడ్చి ఉంటే ఆ మాటకే ఏడ్చేదాన్ని. కానీ ఏడుపు రాలేదు. కర్ర పట్టుకున్నవాడు మళ్ళీ చేయి ఎత్తాడు.

"ఆగు," అన్నాను.

తవుడు సంచి దులిపాను. అడుగున దుమ్ము తప్ప ఏమీ లేదు. చుట్టూ చూశాను, ఒక్క పచ్చటి ఆకైనా దొరుకుతుందేమోనని. రోడ్డు ఒడ్డంతా తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. అబూ సజ్జాద్ తన రొట్టె ముక్క తీసి ఇవ్వబోయాడు. ఆ చేతి నుంచి తీసుకుని దానికి పెట్టలేకపోయాను.

చెక్కబల్ల ఎక్కి లారీలో అటు చివరికి పోయి నిలబడ్డాను. కింద ఇనప రేకు చెప్పుల్లోంచి కాలుతోంది. అరచేయి చాపి పిలిచాను. లోగొంతులో మొదలుపెట్టాను. పైకి లేపాను. విరగాల్సిన చోట దానంతట అదే విరిగింది. చివర "మాయ్" అని సాగదీశాను, ఎప్పటిలాగే.

నిజ్మా చెవులు నా వైపు తిరిగాయి. ఒక కాలు ఎత్తి బల్లని తడిమింది. చెక్క చప్పుడైంది. ఆగింది. నేను మళ్ళీ పిలిచాను. అది ఎక్కింది. దాని వెనక మిగతావి, ఒకదాని తోకకి ఒకటి మూతి ఆనించి, తొందరపడకుండా, సాయంత్రం ఇంటికి వచ్చినట్టే వచ్చాయి. లారీ మనుషులు కర్రలు కిందికి దించి చూస్తూ నిలబడ్డారు.

నిజ్మా తిన్నగా నా దగ్గరికి వచ్చి అరచేతిలో మూతి పెట్టింది. వెతికింది. వేళ్ళ మధ్య వెతికింది, మణికట్టు దాకా వెతికింది. ఏమీ లేదు. అయినా నాకింది. తవుడు పెట్టినరోజు ఎంతసేపు నాకిందో అంతసేపు నాకింది. గేదెలు నిండిపోయి దిగడానికి దారి లేకపోతే, సాచిత్ పక్క నుంచి చేతులు చాపి నన్ను చంటిపిల్లని దించినట్టు కిందికి దించాడు. లారీ కదిలాక నిజ్మా తల అటూ ఇటూ తిప్పడం కనిపించింది. ఈసారి నేను చూస్తూనే ఉన్నాను.

నవంబరులో పైన ఆనకట్ట నుంచి నదిలోకి నీళ్ళు వదిలారట. మా దిబ్బ చుట్టూ మళ్ళీ నిండాయని, జమ్ము మొలకలు వేసిందని చాసిబ్ ఎక్కడో విని వచ్చి చెప్పాడు.

ఇప్పుడు నాసిరియా పట్నం శివార్లలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. సాచిత్ ఇటుకల బట్టీలో పని చేస్తాడు. ఇంట్లో కుళాయి ఉంది, నీళ్ళు తియ్యగా వస్తాయి. మద్లూలా మొదట్లో ఆ కుళాయి తిప్పి, ఊరికే చాలాసేపు చూస్తూ నిలబడేది. వీధిలోవాళ్ళు మమ్మల్ని ఏమంటారో చెప్పక్కర్లేదు, మద్లూలా వాళ్ళకి తిరిగి ఏమంటుందో అది కూడా చెప్పక్కర్లేదు. నా మీద మాత్రం సూదులు గుచ్చడం మానేసింది.

చుట్టుపక్కల ఇళ్ళల్లో సాయంత్రమైతే తల్లులు గుమ్మాల్లోకి వచ్చి పిల్లల్ని కేకేస్తారు. మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ కేకెయ్యరు. అన్నం వేళకు మద్లూలా పెరట్లోకి వచ్చి నా భుజం తడుతుంది. చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది, రొట్టె ముక్కో, ఖర్జూరమో. ముందు అది నా చేతిలో పెట్టి, అప్పుడు రమ్మంటుంది.